మంచుమడి నీరటి

కిందటి నెల ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చబోతుంటే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఈ మధ్య నాకు ఫోన్లు చేసేవాళ్ళలో సగం మంది ఏదో ఒకటి అంటగట్టేవాళ్ళే కాబట్టి విసుక్కుంటూనే ఎత్తాను.

"దుబాయ్ల రాతపని చేసిన భాయేనా?" అన్నాడు అవతలి మనిషి.

"అవును, ఎవురు?"

"జగిత్యాల దిక్కు నుంచి మాట్లాడుతున్న. మా బాపు మీకు ఎరుకే. గాడ మంచు పోసేటోడు. మొన్న పొద్దుగాల పానం పోయింది. భాయ్‌కి తప్పకుంట చెప్పుండ్రి అని చెప్పి పోయిండు."

మంచం మీద లేచి కూర్చున్నాను. నెల్లూరు ఎండలో, ఫ్యాను కింద, నా అరికాళ్ళు చల్లబడ్డాయి. పెద్దకర్మకు రమ్మన్నాడు. వస్తానన్నాను. ఫోను పెట్టేశాక ఎందుకు ఒప్పుకున్నానా అని చాలాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను.

అతని అసలు పేరు నేను టైపు చేసిందే గానీ పిలిచింది కాదు. మాకతను నీరటి. తెలంగాణ ఊళ్ళలో చెరువు తూము తీసి, కాలవ గట్టున నడిచి, ఏ మడికెంత అందాలో అంత నీరు పారించే మనిషిని నీరటి అంటారట. తాతల నాటి కొలువు. బోర్లొచ్చి ఆ కొలువు పోయాక అతను దుబాయ్ వచ్చాడు. అక్కడ కూడా అతని పని నీళ్ళు పారించడమే. కాకపోతే పారించిన నీరు గంటలో గడ్డకట్టేది.

ఎనభైల మొదట్లో దుబాయ్‌లో, బయట ఎండకు తారు రోడ్డు చెప్పుకి అంటుకునే రోజుల్లో, మా అర్బాబ్‌కు ఒక మంచు మైదానం ఉండేది. అర్బాబ్ అంటే యజమాని. పెద్ద వ్యాపారి. తన భవనం కింది అంతస్తులో సిమెంటు కింద గొట్టాలు పరిచి, వాటిలో చల్లటి ఉప్పునీరు తిప్పి, పైన మంచు కట్టించాడు. దాని మీద ఆడేందుకు ఒక హాకీ జట్టు. జీతాలిచ్చి ఆడించే జట్టు! ఛాతీ మీద తెరచాప పడవ బొమ్మ. కూలీలంతా దాన్ని పడవ జట్టు అనేవాళ్ళు. నేను ఆఫీసులో టైపిస్టుని. ఆటల రోజున పంచే పుస్తకంలో "జట్టు చరిత్ర" అని ఒక పేజీ ఉండేది. దాన్ని టైపు చేసింది నేనే కాబట్టి అందులో ఎంత నిజముందో నాకు తెలుసు.

ఆ పేజీలో ఏముండేదంటే, అర్బాబ్ గారికి ఒక కల వచ్చిందనీ, ఎడారిలో మంచు పూయించారనీ, జట్టును స్థాపించారనీ. నీరటి చెప్పే చరిత్ర వేరు. అది అతను ఏడో నంబరు ఆటగాడి దగ్గర, ఒక్క ముక్క భాష లేకుండా, బొమ్మలు గీయించుకుని తెలుసుకున్నది. చమురు గొట్టాలు అతికే వెల్డర్లు కొందరు, చలిదేశాల నుంచి వచ్చినవాళ్ళు, శుక్రవారాలు ఏం తోచక, కార్లు నిలిపే సిమెంటు నేల మీద చీపురు కర్రలతో ఒక డబ్బా మూతను కొట్టుకుంటూ ఆడారట. అదీ జట్టు పుట్టుక. ఆ చీపుర్లవాళ్ళలో ఏడో నంబరు ఒకడు. తర్వాత మంచు వచ్చింది, జీతాలు వచ్చాయి, విమానాల్లో కొత్త ఆటగాళ్ళు వచ్చారు. పాతవాళ్ళందరూ పక్కకు జరిగిపోయారు, అతనొక్కడు తప్ప.

"గాయిన జట్టుకు పొయ్యి ముట్టిచ్చినోడు భాయ్. మిగిలినోళ్లు పిలుపుకు వచ్చినోళ్లు," అనేవాడు నీరటి.

నీరటిని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది అతని కోతి టోపీ. లోపల చలికి రెండు స్వెటర్లు, చెవులదాకా ఆ టోపీ, బూట్లకు గోనెపట్టా చుట్టి తాడు. మధ్యాహ్నం అన్నానికి బయటికొస్తే నలభై అయిదు డిగ్రీల ఎండలో కూడా టోపీ తీసేవాడు కాదు. ఎదురుగా టీ అమ్మే మలబారు మనిషి రోజూ "జ్వరమా?" అని అడిగేవాడు, రోజూ అడగడమే వాడి సరదా. నీరటి నవ్వకుండా, "మళ్ల లోపలికే పోవాలె కదా, గింతసేపటికి ఎందుకు తీసుడు?" అనేవాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. గొంతుక్కూర్చుని టీ తాగేవాడు. నీళ్ళ వేడి చూడాలంటే అరచెయ్యి పెట్టడు, చెయ్యి తిరగేసి వెనకవైపు ఆనించేవాడు.

మంచు కొత్తగా కట్టేటప్పుడు అతన్ని చూడాలి. పలచగా ఒక పొర నీళ్ళు, అది బిగిశాక ఇంకో పొర, మళ్ళీ ఇంకొకటి. తెల్ల రంగు, దాని మీద గీతలు, నడిమధ్య పడవ బొమ్మ, మళ్ళీ పైన నీళ్ళ పొరలు. మూడు రోజుల పని. గొట్టం పట్టుకుని అతనెప్పుడూ కుళాయికి దూరంగా ఉన్న మూల నుంచే మొదలుపెట్టేవాడు. కంపెనీ ఇంజనీరు వచ్చి, కుళాయి పక్క నుంచి మొదలుపెడితే గొట్టం ఈడ్చే బాధ తప్పుతుంది కదా అన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

"కొసమడి ముందు తడవాలె," అన్నాడు నీరటి.

"ఇక్కడ మడి యాడుందన్నా? ఇది ఆటస్థలం."

"ఏదైతేంది? తూము కాడ ఉన్నోడు ఎట్లన్న తడుపుకుంటడు. కొసోనికి నీళ్లందెతట్టు చూసేటోడే నీరటి."

ఇంజనీరు గొణుక్కుంటూ సూదితో పది చోట్ల మంచు మందం కొలిచాడు. ఎక్కడా తేడా లేదు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇన్నేళ్ళు మంచు పోసినవాడు ఒక్క ఆట కూడా చూడలేదంటే నమ్ముతారా? ఆట జరిగేటప్పుడు జనం ఊపిరి వేడికి మంచు మెత్తబడుతుంది. అందుకని ఆటసేపూ అతను వెనక యంత్రాల గదిలో మీటర్ల ముళ్ళు చూస్తూ ఉండాలి. అరుపులు వినపడతాయి, చెక్కగోడకు మనుషులు గుద్దుకున్న చప్పుడు వినపడుతుంది, అంతే. ఆటయ్యాక జనం వెళ్ళిపోతే, చదును చేసే బండి ఎక్కించే ముందు మంచు మీద నడిచేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, ఆ కొస నుంచి ఈ కొసకు. స్కేట్లను అతను కత్తిజోళ్ళు అనేవాడు. ఆ కత్తిజోళ్ళ గీతలు చూసి ఆట మొత్తం చెప్పేసేవాడు.

"మనోళ్లు ఓడిండ్రు. మన గోలు కాడ జూడు, ఎట్ల దున్నిపోయిందో. అవతల గోలు ముంగట అద్దం తీరు ఉన్నది. ఒక్కడు గూడ పోలే."

"ఇగో ఈడ ఒకడు వడ్డడు. లేషేటందుకు శానసేపు వట్టింది. చేతులానిచ్చి లేషిండు."

అన్నీ నిజమే అయ్యేవి. ఆ జట్టు నాలుగేళ్ళ చరిత్రలో ఏ ఆటలో ఏ మూల ఏం జరిగిందో అతను చూసినవాళ్ళకంటే బాగా చెప్పగలిగేవాడు. ఓడల మీద వచ్చిన నావికులతో ఆడింది, అబూదాబీ చమురు కంపెనీ వాళ్ళతో కొట్లాటగా మారింది, యూరపు నుంచి వారం రోజులకని వచ్చిన జట్టు మనవాళ్ళను ఏడిపించి వెళ్ళింది, అన్నీ. నేను ఆఫీసులో ఈ సంగతి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. మా వాడితో మంచు మాట్లాడుతుంది తెలుసా అని. నా నోరు ఊరుకోదు. అది చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ఇంత తెలిసిన మనిషి ఒక్క విషయంలో గట్టిగా ఉండేవాడు. ఆట గురించి చెబుతాడు గానీ ఆటగాడి గురించి చెప్పడు. ఎవరు పడ్డారన్నా అంటే, "ఎవలో ఒకలు" అంటాడు. ఒకసారి పట్టుబట్టి అడిగాను.

"ఒకల మడి ముచ్చట ఇంకొకలకు చెప్తే ఇగ నీరటితనం ఏముంటది భాయ్? ఎవని మడిల కలుపెంత, ఎవని గట్టు కూలింది, అన్ని నాకెరుకే. నోట్లెనే ఉండాలె," అన్నాడు.

ఏడో నంబరు సంగతి చెప్పాలి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎర్ర గడ్డం, ముందు పళ్ళు రెండు లేవు. జట్టు సాధన పదింటికైతే అతను ఎనిమిదింటికే వచ్చేవాడు. అప్పటికి నీరటి మంచు తడిపి, బిగిసిందా లేదా అని గట్టున గొంతుక్కూర్చుని చూస్తుండేవాడు. ఏడో నంబరు చెక్కగోడ తలుపు దగ్గర ఆగి, కర్రతో మంచు అంచును రెండుసార్లు తట్టేవాడు. నీరటి చెయ్యెత్తితేనే లోపలికి దిగేవాడు. ఎత్తకపోతే ఎంతసేపైనా అక్కడే నిలబడేవాడు. మిగతా ఆటగాళ్ళకు అసలు అక్కడ ఒక మనిషి కూర్చున్నట్టే కనపడేది కాదు.

"గిన్నేండ్లు వచ్చినయి. ఇంటికాడ గానీ ఈడ గానీ, నన్నడిగి అడుగు వెట్టినోడు గాయినొక్కడే," అన్నాడు నాతో ఒకసారి. ఆ మాట చెప్పేటప్పుడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

పొద్దున్నే కొత్త మంచు మీద పడే గీతలు ఏడో నంబరువి మాత్రమే. ఇంకెవరివీ కలవవు. అదే కొంప ముంచింది.

నాలుగో ఏడు జట్టు వరసగా ఓడింది. అర్బాబ్‌కు కోపం వచ్చింది. ముదీర్ మీదికి అది జారింది. ముదీర్ అంటే మా మేనేజరు, మడత నలగని సూటు మనిషి. ఒక రోజు పదకొండింటికి నన్ను వెంటబెట్టుకుని మంచు దగ్గరికొచ్చాడు. నేను ఆఫీసులో ఊదరగొట్టిన గొప్ప అతని చెవిన పడింది. నవ్వుతూ నీరటి భుజం మీద చెయ్యేశాడు. మంచు నీతో మాట్లాడుతుందట కదా, మన ఆటగాళ్ళలో ఎవరెలా ఉన్నారో చెప్పు అని అడగమన్నాడు.

నీరటి నా వంక చూశాడు. "గదొద్దు భాయ్. నేను చెప్పనని చెప్పు."

"చెప్పన్నా," అన్నాను. "ముదీర్ అంతటోడు నీ దగ్గరికొచ్చి అడుగుతుండాడు. నీ పేరు అర్బాబ్ దాకా పోద్ది. ఏదో ఒకటి చెప్పు."

నిజం చెప్పాలంటే అతని పేరు కంటే నా పేరు మీదే నాకు ఆశ. గొప్ప చెప్పింది నేను, అది నిరూపణ కావాలి. నీరటి మంచు వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"ఏడో నంబరాయనకు ఎడమ మోకాలు ఖరాబయింది. రెండు నెలల సంది చూస్తున్న. కుడి గీత లోతుకు దిగుతున్నది, ఎడమది పైపైన పోతున్నది. మలుపు తిరిగేకాడ కుడికాలు మీదనే మలుగుతుండు. ఎవలకు చెప్పకుంట ఓర్సుకుంటుండు. ఒక్క పదిహేను దినాలు పండవెడితే మంచిగైతది. గది చెప్పు."

నేను చెప్పాను. పదిహేను రోజుల మాట కూడా చెప్పాను, ఆ విషయంలో అబద్ధం ఆడటం లేదు. కానీ ముదీర్ మోకాలి మాట దగ్గరే జేబులోంచి కలం తీసి రాసుకున్నాడు. విశ్రాంతి మాట వచ్చేసరికి కలానికి మూత పెట్టేశాడు.

మూడోరోజు డాక్టరు ఏడో నంబరు కాలు వంచి చూశాడు. అయిదోరోజు అతన్ని తీసేస్తూ ఉత్తరం తయారైంది. టైపు చేసింది నేనే. ఉత్తరంతో పాటు ముదీర్ ఇంకో పని చెప్పాడు. "జట్టు చరిత్ర" పేజీలో అతని గురించి ఒక వాక్యం ఉండేది, అది తీసెయ్యమన్నాడు. తీసేశాను. కింది రెండు లైన్లు పైకి జరిగాయి, పేజీ చూడ్డానికి ఇంకా పొందిగ్గా వచ్చింది.

నీరటికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం టీ దగ్గర చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు.

"అగో! నేను గండి వడ్డదని చెప్పిన కద భాయ్. గండి వడ్డదంటే పూడ్వనీకి వస్తరు. మా ఊళ్లె గట్లనే వస్తరు. గడ్డపార వట్టుకొని పగోడు సుత వస్తడు."

"ఇది ఊరు కాదన్నా."

"పండవెట్టుమని చెప్పలేదా నువ్వు?"

"చెప్పాను. ఒట్టు."

అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సత్వా పేటలో మా గది దాకా ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం, దారంతా అతను తన నోటి మీద వేళ్ళు ఆనించుకునే నడిచాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా ఆ రోజుకి అన్నం తిన్నాను, నిద్ర కూడా పోయాను.

రెండు రోజుల తర్వాత పొద్దున ఎనిమిదింటికి నీరటి ఆఫీసుకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. ఎప్పుడూ ఆఫీసు గడప తొక్కనివాడు.

"వచ్చిండు. సామాన్లు వట్టుకొని వచ్చిండు. దబ్బున రా భాయ్."

ఏడో నంబరు చెక్కగోడ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కాళ్ళకు మామూలు బూట్లు, భుజాన సంచి, చేతిలో కర్ర. అలవాటుగా మంచు అంచును రెండుసార్లు తట్టాడు. నీరటి చెయ్యెత్తలేదు. ఎత్తలేకపోయాడు. నేరుగా అతని ముందుకెళ్ళి నిలబడి నాతో అన్నాడు:

"చెప్పు భాయ్. నీ మోకాలు సంగతి నేనే చెప్పిన అని చెప్పు. నీ మంచి కోసమనే చెప్పిన గాని నీ కడుపు కొట్టిన అని చెప్పు. నన్ను కొడతవా, తిడతవా, నీ ఇష్టం అని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క మాట తక్కువ చెయ్యకు."

ఏడో నంబరు నా వైపు తిరిగి, ఏమంటున్నాడని కళ్ళతోనే అడిగాడు. పొడుగ్గా ఉండేవాడు, నేను తలెత్తి చూడాల్సి వచ్చింది. ఆ ఒక్క క్షణంలో నాకు ఎన్ని తోచాయో! చెప్పు అని నీరటిని ఎగదోసింది నేను. ముదీర్ చెవిలో వేసింది నా నోరు. ఉత్తరం టైపు చేసినవి నా వేళ్ళు. నీరటి పేరు చెబితే నా పేరూ వస్తుంది. ఇతను పైకెళ్ళి ముదీర్‌తో గొడవ పెట్టుకుంటే? నా వీసా ముదీర్ సంతకం మీద ఉంది. ఇవన్నీ ఇప్పుడు వరసగా రాస్తున్నాను గానీ, అప్పుడు నాలో ఉన్నది ఒక్కటే, భయం.

"నిన్ను ఎప్పటికీ మర్చిపోనంటున్నాడు," అన్నాను ఇంగ్లీషులో. "నీ అంత గొప్పగా ఈ మంచు మీద ఎవరూ నడవలేదంటున్నాడు."

ఏడో నంబరు మొహం ఎర్రబడింది. సంచి కింద పడేశాడు. నీరటిని, ఆ రెండు స్వెటర్లతో, కోతి టోపీతో సహా, రెండు చేతులా దగ్గరికి తీసుకున్నాడు. ఆ పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. వీళ్ళెవరూ నాకు వీడ్కోలు కూడా చెప్పలేదు, నువ్వొక్కడివే అన్నాడు. ఆ మాట నేను నీరటికి తిప్పి చెప్పలేదు. చేతిలోని కర్రను అతని చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఇక దాచాల్సిన అవసరం లేదు కదా, అందుకే కుంటాడు.

నీరటి కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్ళు కారుతున్నాయి.

"మన్నించిండా భాయ్?"

"మన్నించాడన్నా," అన్నాను.

ఆ తర్వాత అతను మామూలు మనిషి అయ్యాడు. నిజానికి మునుపటి కంటే తేలికపడ్డాడు. పొద్దున ఎనిమిదింటికి ఎవరూ తలుపు తట్టకపోయినా గట్టున కూర్చునేవాడు. నేను మాత్రం అతని ఎదురుగా కూర్చుని టీ తాగడం తగ్గించాను. పనుందని వంక పెట్టేవాణ్ణి. అతను దాన్ని కూడా మంచికే తీసుకున్నాడు. "భాయ్‌కి రాతపని శాన ఉంటది" అని మలబారు మనిషితో చెప్పేవాడట.

జట్టు ఇంకో ఏడాదిన్నర బతికింది. చమురు ధర పడింది, అర్బాబ్‌కు గుర్రాల మీదికి మనసు మళ్ళింది. జీతాల ఆటగాళ్ళు ఒక్కొక్కరే విమానాలెక్కారు. ఒక పొద్దున యంత్రాలు ఆపెయ్యమని కాగితం వచ్చింది. రెండు రోజుల్లో మంచంతా నీరైంది. చీలమండ లోపు నీళ్ళలో, అడుగున రంగు ఊడిపోతూ పడవ బొమ్మ. ఆ నీళ్ళు బయటికి తోడే పని కూడా నీరటిదే. టోపీ పెట్టుకునే వచ్చాడు. అలవాటు. చలి లేని ఆ గదిలో చెమట్లు కక్కుతూ, దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి నీళ్ళు తోస్తుంటే నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. పిలుద్దామని, ఇప్పుడన్నా చెబుదామని అనుకున్నాను. పిలవలేదు. ఆ నెలలోనే అతను ఇంటికెళ్ళిపోయాడు, కర్రను పాత లుంగీలో చుట్టుకుని. ఆ ఆఫీసులో ఉన్న ఫైళ్ళు, పుస్తకాలు అన్నీ ఎవరో లారీ ఎక్కించారు. "జట్టు చరిత్ర" ఒక్క ప్రతి కూడా నా దగ్గర లేదు.

పెద్దకర్మకు వెళ్ళాను. రైలు, బస్సు, ఆటో. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. మనిషి పోయాడు, ఇక దాచి ఏం లాభం, కొడుకును పక్కకు పిలిచి చెప్పేద్దాం. మాటలు కూడా పేర్చుకున్నాను. నా వయసులో మాటలు మర్చిపోతాం, అందుకని వరంగల్లు దాటాక ఒకసారి మనసులో వల్లె వేసుకున్నాను.

ఇంటి ముందు టెంటు కింద జనం. కొడుక్కి యాభై దాటాయి, అచ్చం తండ్రిలాగే గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి లోపలికెళ్ళి కర్ర తెచ్చాడు. చుట్టిన నల్ల పట్టీ ఎప్పుడో ఊడిపోయింది. అడుగు భాగం బురద తాగి నల్లబడింది. పిడి దగ్గర మాత్రం సిరాతో రాసిన ఏడు అంకె మసగ్గా కనపడుతోంది.

"మా ఊళ్లె నీళ్లకాడ లొల్లయితే ఈ కట్టె చేతికిస్తం భాయ్," అన్నాడు. "బాపు పెట్టిన పద్ధతి. ఇది వట్టుకొని ఉన్నదున్నట్టు చెప్పాలె. చెప్పినోన్ని మళ్ల ఏమనద్దు. నేను ఒకాయనకు అన్యాయం జేసి మొఖం మీదనే ఒప్పుకున్న, ఆయన అలుముకొని ఈ కట్టె ఇచ్చిండు అని చెప్పేటోడు. ముప్పయ్యేండ్ల సంది ఈ కట్టె వట్టుకొని ఎవ్వలు అబద్ధమాడలే."

నేను నోరు తెరిచేలోపే అతను గొంతు పెంచి అందరినీ పిలిచాడు.

"ఇగో, బాపు చెప్పే భాయ్ ఈయనే. కొందరు నవ్వేటోళ్లు కదా, దొర ఏడుసుడేంది, నీరటిని అలుముకునుడేంది అని. ఆ దినం నడుమల నిలవడ్డది ఈయనే. ఇప్పుడు ఈయన నోటితోటి ఇనుండ్రి." కర్ర నా చేతిలో పెట్టాడు.

జనం దగ్గరికి జరిగారు. గోడకానుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. గాజులు తీసేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా నోటి వంకే చూస్తోంది. నీరటి భార్య అని ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పేర్చుకొచ్చిన మాటలన్నీ గుర్తున్నాయి. ఒక్కటీ మర్చిపోలేదు.

"నిజమే," అన్నాను. "అంతా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్క మాట దాచలేదు. ఆయన మన్నించాడు."

ముసలామె కొంగుతో మొహం కప్పుకుంది. "ఇగ సాలు," అంది.

కొడుకు కర్ర తీసుకెళ్ళి లోపల మేకుకు తగిలించాడు. నాకు వేరే ఆకు వేసి అన్నం పెట్టారు, తిన్నాను. సాయంత్రం బస్సు దాకా అతనే వచ్చాడు. మెట్టు మీద నిలబడ్డ నాకు సంచి అందిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు.

"బాపు ఎప్పుడు గదే అనేటోడు భాయ్. దుబాయ్ల నాకు నోరు లేకుండె, భాయే నా నోరు అని."